అమరావతి గ్రామం: చరిత్ర, నది, స్తూపం, గుడి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కృష్ణ ఒడ్డున ఉన్న అమరావతి గురించి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. రాజధాని పేరు వచ్చాక అవి ఇంకా పెరిగాయి. అందుకే తెలిసినవన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా పూర్తిగా ఉంటుంది. మీకు కావలసింది చదువుకుని వెళ్లిపోవచ్చు.

## బయల్దేరే ముందు

రాజధాని అమరావతి, గుడి ఉన్న అమరావతి ఒకటేనా?

కాదు. అమరేశ్వరస్వామి గుడి, బౌద్ధ స్తూపం ఉన్న అమరావతి పల్నాడు జిల్లాలో కృష్ణకు కుడి ఒడ్డున ఉన్న పెద్ద గ్రామం. మండల కేంద్రం కూడా. రాష్ట్ర విభజన తర్వాత కొత్త రాజధానికి ఈ ఊరి పేరే పెట్టారు. కానీ రాజధాని పనులు మొదలైంది నదికి దిగువన, తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి మండలాల్లోని గ్రామాల్లో. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగిన ఉద్దండరాయునిపాలెం, సచివాలయం ఉన్న వెలగపూడి, హైకోర్టు ఉన్న నేలపాడు అన్నీ అటువైపువే. ఫోన్ మ్యాప్‌లో ఒట్టి 'అమరావతి' అని కొడితే వెలగపూడి చేరుకోవచ్చు. 'అమరేశ్వరస్వామి గుడి' అని కొట్టండి, నేరుగా ఊళ్లోకి వస్తారు.

గుంటూరు జిల్లాయా, పల్నాడు జిల్లాయా?

2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడు. దానికి నరసరావుపేట కేంద్రం. అంతకుముందు గుంటూరు జిల్లాలో ఉండేది కాబట్టి పాత పుస్తకాల్లో, మ్యూజియం బోర్డుల్లో ఇంకా గుంటూరు జిల్లా అనే కనిపిస్తుంది. ఇప్పటికీ ఊరివాళ్లకు ఆసుపత్రి, చదువులు, పెద్ద కొనుగోళ్లు అన్నిటికీ గుంటూరే.

ఇంత పేరున్న ఊరు ఇంకా గ్రామమేనా?

2011 జనాభా లెక్కల్లో ఊరి జనం 13 వేల పైచిలుకు. పాలన పంచాయతీదే. అయినా 2015లో కేంద్రం వారసత్వ నగరాల పథకం పెట్టి దేశం మొత్తంలో 12 చోట్లను ఎంచుకున్నప్పుడు వారణాసి, పూరీ, మథుర, కంచి లాంటి వాటి పక్కన అమరావతి పేరు చేరింది. ఈ ఊరి మట్టి కింద ఉన్నదాని విలువ అది.

ఎలా రావాలి? రైలు ఉందా?

ఊళ్లోకి రైలు లేదు. గుంటూరు నుంచి సుమారు 35 కిలోమీటర్లు, ఆర్టీసీ బస్సులు బాగానే ఉంటాయి. విజయవాడ నుంచి కూడా బస్సు ఉంది. దూరప్రాంతం నుంచి వచ్చేవాళ్లు గుంటూరులో దిగి రావడమే సుఖం. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు 57 కిలోమీటర్ల కొత్త రైలు మార్గానికి 2024లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అందులో కృష్ణ మీద పొడవైన వంతెన ఒకటి ఉంది.

## నది, నేల

సముద్రానికి ఇంత దూరంగా, ఇక్కడే ఎందుకు అంత పెద్ద నగరం వెలిసింది?

నది వల్ల. పైన కొండల మధ్య ఇరుకుగా పారే కృష్ణ ఈ ప్రాంతానికి వచ్చేసరికి వెడల్పవుతుంది. విజయవాడ దాటాక డెల్టా మొదలవుతుంది. అంటే ఎగువ నుంచి వచ్చే సరుకు, సముద్రం వైపు నుంచి పైకి వచ్చే సరుకు రెండూ కలుసుకోవడానికి అనువైన చోటు ఇది. పక్కనే ఉన్న ధరణికోటలో 1960ల మొదట్లో జరిపిన తవ్వకాల్లో నదికి కలిసే కాలువ, దాని ఒడ్డున చెక్కతో కట్టిన రేవు ఆనవాళ్లు బయటపడ్డాయి. పడవలు ఊరి లోపలిదాకా వచ్చి సరుకు దించేవన్నమాట. తూర్పు తీరం నుంచి రోమ్ దాకా వర్తకం సాగిన కాలమది.

నేల కూడా కలిసొచ్చింది. చుట్టుపక్కలంతా నల్లరేగడి. ఇప్పుడు పత్తి, మిర్చి పండుతున్న పొలాలే అప్పట్లో నగరానికి తిండి పెట్టాయి. కాస్త ఎగువన పలనాడులో తేలిగ్గా చెక్కడానికి వీలైన సున్నపురాయి ఉంది. బరువైన రాతిపలకలను తీసుకురావడానికి నది ఉంది. వర్తకులు, రైతులు, రాయి, పడవదారి ఒకచోట దొరికితే మహాచైత్యం, అంటే ఇక్కడి పెద్ద బౌద్ధ స్తూపం, లేవడంలో వింత లేదు.

ధరణికోట అంటే అమరావతేనా? వేరే ఊరా?

ఇప్పుడు వేరు గ్రామం. అమరావతిని ఆనుకుని పడమటి వైపు ఉంటుంది. పాతకాలంలో మాత్రం రెండూ ఒకే నగరం, దాని పేరు ధాన్యకటకం. కోటగోడల మట్టి కట్టలు ఉన్న నగర భాగం ధరణికోట వైపు, స్తూపం అమరావతి వైపు. శాతవాహనుల తర్వాత కూడా ధరణికోట ప్రాభవం పోలేదు. 12, 13 శతాబ్దాల్లో కోట వంశపు రాజులు ఇక్కడి నుంచే ఏలారు. కాకతి గణపతిదేవుడి కూతురు గణపాంబ ఈ వంశపు బేతరాజుకు భార్య. అంటే రుద్రమదేవి తోబుట్టువు మెట్టిన ఊరిది.

వరదొస్తే ఊరు మునుగుతుందా?

గుడి, పాత ఊరు మెరకమీద ఉన్నాయి. ఇబ్బంది పడేది నది పక్కన లోతట్టులో ఉన్న పొలాలు, రోడ్లు. పెదమద్దూరు దగ్గర వాగు పొంగితే విజయవాడ వైపు రాకపోకలు ఆగిపోతాయి. 2009 అక్టోబరులో కృష్ణకు వచ్చిన వరదను ఈ ప్రాంతం చాలాకాలం చెప్పుకుంది. 2024 సెప్టెంబరు మొదట్లో దిగువన ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదై ఆ రికార్డూ పోయింది. ఎగువన పులిచింతల ప్రాజెక్టు నుంచి నీళ్లు వదులుతున్నారని వార్త వస్తే ఆ రెండు మూడు రోజులు ప్రయాణం వాయిదా వేసుకోండి.

వేసవిలో నదిలో నీళ్లుంటాయా?

తగ్గుతాయి. ఇసుక తిన్నెలు బయటపడతాయి. నిండు కృష్ణను చూడాలంటే ఆగస్టు నుంచి కార్తీకం దాకా రావాలి.

కృష్ణా పుష్కరాలు మళ్లీ ఎప్పుడు?

2028లో. గురుడు కన్యారాశిలో ప్రవేశించినప్పుడు వస్తాయి. క్రితంసారి 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు జరిగాయి.

## స్తూపం నిలబడి ఉన్న రోజులు

స్తూపం కట్టించింది అశోకుడా, శాతవాహనులా?

ఏ ఒక్కరో కట్టింది కాదు. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం నాటికే ఇక్కడ బౌద్ధం ఉంది. మౌర్యుల కాలపు లిపి ఉన్న స్తంభం ముక్క ఒకటి దొరికింది. అది అశోకుడి శాసనమేనని చాలామంది పండితుల అభిప్రాయం. తర్వాత కొన్ని వందల ఏళ్ల పాటు పెంచుతూ, మారుస్తూ వచ్చారు. మనకు తెలిసిన గొప్ప శిల్పాలు, చుట్టూ ఉన్న రాతి ప్రాకారం ఎక్కువగా క్రీస్తుశకం రెండో శతాబ్దంలో, శాతవాహనుల కాలంలో వచ్చాయి. వాసిష్ఠీపుత్ర పులుమావి పేరున్న శాసనం ఇక్కడ దొరికింది.

ఎంత పెద్దది? ఎలా ఉండేదో ఎలా తెలిసింది?

అడుగుభాగం వ్యాసం సుమారు 50 మీటర్లు. చుట్టూ నడవడానికి ప్రదక్షిణ మార్గం, దాని బయట మనిషి ఎత్తు దాటిన రాతి ప్రాకారం. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వేదికలు, ఒక్కో వేదిక మీద ఐదేసి స్తంభాలు. వీటిని ఆయక స్తంభాలంటారు. బుద్ధుడి పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, తొలి బోధ, నిర్యాణం అనే ఐదు ఘట్టాలకు ఇవి గుర్తు.

ఎలా ఉండేదో ఆ శిల్పులే మనకు చూపించి వెళ్లారు. స్తూపానికి తాపడంగా అమర్చిన పలకల మీద స్తూపం బొమ్మనే చెక్కారు. ద్వారం దగ్గర సింహాలు, ఐదు స్తంభాలు, గుమ్మటం మీద పూలదండలు, పైన ఎగిరే దేవతలు, మొక్కే జనం అన్నీ ఒక్క పలకలో ఉన్నాయి. ఇప్పుడు గీసే ఊహాచిత్రాలన్నిటికీ ఆ పలకలే ఆధారం.

ఇంత ఖర్చు రాజులే పెట్టారా?

లేదు. నన్ను ఈ ఊరికి కట్టిపడేసిన సంగతి ఇదే. శిల్పాల మీద ప్రాకృతంలో చెక్కిన దాన శాసనాల్లో భిక్షువులు, భిక్షుణులు, గృహపతులు, వర్తకులు, ఇళ్లలోని ఆడవాళ్లు కనిపిస్తారు. విధికుడనే చర్మకారుడు ఒకడున్నాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకులు, కూతుళ్లతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను దానం చేశాడు. నిండు కుండ, దానిలోంచి పైకి లేచి అంచుల మీదుగా వాలే తామరలు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఖరారు చేసిన రాజముద్రలో ఉన్నది ఆ పూర్ణఘటమే. తోలు పని చేసుకునే కుటుంబం పందొమ్మిది వందల ఏళ్ల కిందట ఇచ్చిన కానుక ఈరోజు మన ప్రతి సర్కారు కాగితం మీద కనబడుతోంది. పిల్లలకు పాఠంలో రాజుల పేర్లతో పాటు ఈ పేరు కూడా చెప్పాలని నా కోరిక.

కొన్ని శిల్పాల్లో బుద్ధుడే కనిపించడు, ఎందుకు?

తొలినాళ్లలో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కేవాళ్లు కాదు. ఖాళీ సింహాసనం, బోధివృక్షం, పాదముద్రలు, ధర్మచక్రం చెక్కి ఆయన అక్కడున్నట్టు చూపించేవాళ్లు. తర్వాత విగ్రహరూపం వచ్చింది. అమరావతిలో ఈ రెండూ ఉండటం విశేషం. లండన్‌లో ఉన్న ఒక పలకకు రెండు వైపులా చెక్కడం ఉంది. ఒకవైపు క్రీస్తుపూర్వపు పని, అందులో బోధివృక్షానికి జనం మొక్కుతున్నారు. మూడు వందల ఏళ్లు గడిచాక అదే రాయిని వెనక్కి తిప్పి రెండోవైపు స్తూపం బొమ్మ చెక్కారు. పాత పలకను పారేయకుండా మళ్లీ వాడుకున్నారు. చేయి తిరగడం ఎంత పెరిగిందో రెండు వైపులూ చూస్తే తెలిసిపోతుంది.

ఇది చలువరాయా?

కాదు, పలనాడు సున్నపురాయి. తెల్లగా, లేత ఆకుపచ్చగా ఉంటుంది. తెల్లదొరలు 'అమరావతి మార్బుల్స్' అని రాయడంతో ఆ మాట స్థిరపడింది.

హ్యూయాన్‌త్సాంగ్ ఇక్కడికి వచ్చాడా?

వచ్చాడు, ఏడో శతాబ్దంలో. చైనా నుంచి వచ్చిన బౌద్ధ యాత్రికుడు ఆయన. ధాన్యకటకంలో ఉండి బౌద్ధ గ్రంథాలు చదువుకున్నాడు. అప్పటికే చాలా విహారాలు పాడుబడి ఉన్నాయని రాశాడు.

బౌద్ధం ఇక్కడ ఎప్పటిదాకా ఉంది?

జనం అనుకునేదానికంటే చాలా ఎక్కువకాలం. 1182 నాటి కోట కేతరాజు శాసనం అమరేశ్వరుడికి, ఇక్కడి బుద్ధుడికి ఇద్దరికీ దానాలిచ్చినట్టు చెబుతుంది. 1344 నాటి శ్రీలంక గడలాదెణియ శాసనం ధర్మకీర్తి అనే స్థవిరుడు (పెద్ద భిక్షువు) ధాన్యకటకంలో రెండంతస్తుల బుద్ధ మందిరాన్ని బాగుచేయించాడని చెబుతుంది. అంటే పద్నాలుగో శతాబ్దంలో కూడా సముద్రం దాటి వచ్చి ఇక్కడ మరమ్మతు చేయించినవాళ్లున్నారు.

## రాళ్లు చెదిరిపోయిన కాలం

స్తూపాన్ని కూల్చింది ఎవరు?

దండెత్తి వచ్చి కూల్చిన కథ కాదిది. కొన్ని వందల ఏళ్లు ఎవరూ పట్టించుకోక మట్టి కప్పేసింది. జనం దాన్ని దీపాలదిన్నె అనేవాళ్లు. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి మకాం మార్చి ఇక్కడ కొత్త ఊరు కట్టించాడు. ఇళ్లకు, గుడికి ఇటుక, రాయి కావాలి. కూలీలు దిన్నె తవ్వితే రెండూ దొరికాయి. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ ఈ కబురు విని వచ్చి చూశాడు. 1816లో మనుషులతో మళ్లీ వచ్చి మిగిలిన శిల్పాలకు బొమ్మలు గీయించేసరికి దిన్నె నడుమ చెరువులా తవ్వేసి ఉంది. కొన్ని పలకలు శివగంగ కోనేటి మెట్లకు వాడారు. కొన్ని సున్నం బట్టీకి పోయాయి. ఇప్పుడు లేని ఎన్నో శిల్పాలు మెకంజీ గీయించిన బొమ్మల్లో మాత్రమే మిగిలాయి.

జమీందారును తిట్టి ఊరుకుంటే సరిపోదు. పురావస్తువు అనే ఆలోచనే ఇక్కడ లేని రోజులవి. తెలిసినవాళ్లు చేసింది ఇంకా బాధ కలిగిస్తుంది. 1880లో మద్రాసు గవర్నర్ ఆజ్ఞతో దిన్నెనంతా ఒక్కసారిగా తవ్వి శుభ్రం చేయించారు. ఏ రాయి ఎక్కడ, ఏ పొరలో ఉందో నమోదు చేయలేదు. ఎన్నో ప్రశ్నలకు జవాబు ఆ మట్టితోపాటే పోయింది.

శిల్పాలు లండన్‌కు ఎలా వెళ్లాయి?

1845లో వాల్టర్ ఇలియట్ అనే అధికారి తవ్వించి చాలా పలకలను మద్రాసుకు పంపాడు. అక్కడ ఎండకూ వానకూ ఏళ్ల తరబడి ఆరుబయట పడి ఉన్నాయి. 1859లో ఓడెక్కించారు. లండన్‌లోనూ వెంటనే గౌరవం దక్కలేదు. 1867లో కట్టడాల చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ చూసేనాటికి గుర్రబ్బండ్లు పెట్టే కొట్టంలో ఉన్నాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. సుమారు 120 రాళ్లు. ఇప్పుడు వాటికోసం అక్కడ ప్రత్యేకంగా ఒక గది ఉంది.

మిగిలినవి ఎక్కడున్నాయి? దగ్గర్లో ఎక్కడ చూడొచ్చు?

మన దేశంలో పెద్ద సేకరణ చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. తెలుగువాళ్లు చెన్నైకి వైద్యానికో, పెళ్లి చీరలకో ఎన్నోసార్లు వెళ్తారు. ఒక్క పూట దీనికి ఇవ్వండి. అక్కడున్న నాలాగిరి పలక ముందు నిలబడి చూడండి. గుండ్రటి పలకలో ఎడమవైపు మదమెక్కిన ఏనుగు మనిషిని తొండంతో పట్టుకుని వీధిలో విరుచుకుపడుతోంది. జనం హడలిపోతున్నారు, పైన కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. ముందు జరిగింది, తర్వాత జరిగింది ఒకే రాతిలో. భయపడ్డ ఒక్కో మొహం ఒక్కోలా ఉంటుంది.

ఢిల్లీ జాతీయ మ్యూజియంలో, పారిస్ గీమే మ్యూజియంలో కూడా కొన్ని ఉన్నాయి. అమరావతి ఊళ్లోనే పురావస్తు శాఖ మ్యూజియం ఉంది.

## గుడి

బౌద్ధ స్తూపం మీదే శివాలయం కట్టారంటారు, నిజమా?

స్తూపం మీద కాదు. గుడి నది ఒడ్డున క్రౌంచశైలం అనే చిన్న గుట్ట మీద ఉంది. స్తూపం వేరేచోట, నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. గర్భగుడిలోని లింగం ఒకప్పుడు బౌద్ధ స్తంభమని కొందరు వాదిస్తారు, భక్తులు ఒప్పుకోరు. శాసనాలు మాత్రం రెండు మతాలూ చాలాకాలం పక్కపక్కనే ఉన్నాయని చూపిస్తున్నాయి. 1182లో ఒకే రాజు ఒకే శాసనంలో ఇద్దరు దేవుళ్లకూ దానం రాయించాడు. గొడవగా చెప్పుకోవడం కంటే ఈ శాసనాన్ని చదువుకోవడం మేలు.

శివలింగం అంత పొడవెందుకు? పెరుగుతూ పోయిందంటారు?

స్థలపురాణం ప్రకారం కుమారస్వామి తారకాసురుణ్ణి చంపినప్పుడు వాడి మెడలోని లింగం ఐదు ముక్కలై ఐదుచోట్ల పడింది. అవే పంచారామాలు: అమరావతి, ద్రాక్షారామం, సామర్లకోట, భీమవరం, పాలకొల్లు. ఇక్కడి ముక్కను ఇంద్రుడు ప్రతిష్ఠించాడు. అది పెరుగుతూ పోతుంటే పైన మేకు కొట్టి ఆపారని, అప్పుడు కారిన రక్తమే ఇప్పుడు కనిపించే ఎర్రటి చార అని చెబుతారు. లింగం దాదాపు 15 అడుగులు. అందుకే అర్చకులు పై అంతస్తు నుంచి అభిషేకం చేస్తారు. అమ్మవారు బాలచాముండిక.

వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అసలు ఎవరు?

కంపెనీ పాలన రోజుల్లో ఈ ప్రాంతాన్ని ఏలిన జమీందారు, 1816 దాకా. ఇప్పుడున్న అమరావతి ఊరు ఆయన కట్టించిందే, గుడినీ ఆయనే పునరుద్ధరించాడు. చెంచులను విందుకు పిలిచి చంపించాడని, ఆ పాపంతో అన్నం ముద్ద పురుగులై కనిపిస్తే పరిహారంగా శివాలయాలు కట్టించాడని జనంలో గట్టిగా నిలిచిపోయిన కథ.

కృష్ణదేవరాయలు వచ్చాడా?

1515లో కొండవీడు గెలిచాక వచ్చి అమరేశ్వరుడి సన్నిధిలో తులాపురుష దానం (తన ఎత్తు బంగారం తూచి ఇవ్వడం) చేశాడు. శాసనం ఉంది.

## వచ్చాక

స్తూపం దగ్గర చూడ్డానికి ఏమీ లేదంటున్నారు. వెళ్లడం దండగేనా?

కాదు. నిజమే, గుమ్మటం లేదు. గుండ్రటి ఇటుక పునాది, చుట్టూ నిలబెట్టిన కొన్ని రాతి స్తంభాలు, గడ్డి, అంతే. నేరుగా అక్కడికి వెళ్లినవాళ్లే నిరాశపడతారు. ముందు మ్యూజియం చూడండి. అక్కడ స్తూపం నమూనా ఉంది, ప్రాకారంలో కొంత భాగాన్ని తిరిగి నిలబెట్టి పెట్టారు. ఎంత ఎత్తు, ఎంత వెడల్పు అనేది కంటికి పట్టాక స్తూపం దగ్గరికి వెళ్లి ఒక ప్రదక్షిణ చేయండి. అప్పుడు ఆ ఇటుకల వలయం ఎంత పెద్దదో కాళ్లకు తెలుస్తుంది. స్తంభాల మీద సగం పువ్వులు, పూర్తి పువ్వులు చెక్కి ఉంటాయి. దగ్గరగా చూడండి, ఎక్కకండి, పేర్లు గీకకండి.

మ్యూజియం సెలవు ఏ రోజు?

శుక్రవారం. పురావస్తు శాఖ మ్యూజియాలన్నిటికీ దాదాపు ఇదే పద్ధతి. శుక్రవారం గుడికి మంచిదని బయల్దేరి మ్యూజియం మూసి ఉండటం చూసి వెనక్కి వెళ్లేవాళ్లు చాలామంది.

ఊళ్లో పెద్ద బుద్ధ విగ్రహం పాతదా?

కొత్తదే. ధ్యానబుద్ధ విగ్రహం అంటారు, 125 అడుగుల ఎత్తు.

టిబెట్ వాళ్లు ఇక్కడికి ఎందుకు వస్తారు?

బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని ధాన్యకటకంలో బోధించాడని వాళ్ల నమ్మకం. అందుకే 2006 జనవరిలో దలైలామా ఇక్కడ కాలచక్ర దీక్ష ఇచ్చారు. దేశవిదేశాల నుంచి భిక్షువులు, భక్తులు తరలివచ్చారు.

ఏ నెలలో వస్తే మంచిది?

గుడి కోసమైతే కార్తీకమాసం, మహాశివరాత్రి. కానీ ఆ రోజుల్లో విపరీతమైన రద్దీ. కార్తీకంలో ఆర్టీసీ పంచారామాల బస్సులు నడుపుతుంది, ఐదు గుళ్లూ ఒక్కరోజులో చుట్టేయాలి కాబట్టి ఇక్కడ స్తూపానికీ మ్యూజియానికీ టైమ్ మిగలదు. చరిత్ర కోసమైతే డిసెంబరు, జనవరిల్లో మామూలు రోజు చూసుకుని రండి.

పిల్లలతో నదిలో దిగొచ్చా?

స్నానఘట్టం దగ్గర మెట్ల మీదే ఉండి స్నానం చేయించండి. నీళ్లు తక్కువగా ఉన్నాయని ఇసుకలో నడుచుకుంటూ లోపలికి వెళ్లొద్దు. పైకి సమంగా కనిపించినా అడుగున గుంతలుంటాయి, ఒక్క అడుగులో లోతు మారిపోతుంది. ఎగువ నుంచి నీళ్లు వదిలిన రోజుల్లో అసలు దిగనే వద్దు, ఒడ్డున నిలబడి నీళ్లు నెత్తిన చల్లుకున్నా చాలు.